ఏడు పొయ్యిల ఇల్లు

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు ఇప్పటికీ దొరకలేదు. విజిటింగ్ కార్డు మీద ఏదో ఆఫీసరని ఉండేది. వాట్‌గంజ్ ఓడరేవు సందుల్లో మాత్రం నన్ను పొయ్యిల బాబు అనేవారు. మా అమ్మాయి పెళ్ళిచూపుల్లో అవతలివాళ్ళు నేనేం చేస్తానని అడిగితే, మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, ఇళ్ళు కట్టిస్తారు అంది. నిజానికి నేను ఇళ్ళు ఖాళీ చేయించేవాణ్ణి. కట్టేది మా యజమాని.

మీలో ఫ్లాటు కొనుక్కున్న కుర్రవాళ్ళుంటే ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఈ బెంగాలీ ఊళ్ళో పాత ఇంటిని పడగొట్టి కొత్త భవనం లేపాలంటే ఇటుకలూ సిమెంటూ తర్వాతి మాట. ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఒప్పుకోవాలి. ఒక అన్నగారు, ఇద్దరు తమ్ముళ్ళు, తాతల నాటి అద్దెవాళ్ళు, వాళ్ళ మేనల్లుళ్ళు, అందరికీ ఏదో ఒక హక్కుంటుంది. లేనివాళ్ళు ఉందంటారు. ఉన్నవాళ్ళకి ఉన్న సంగతి తెలియదు. పాత ఇల్లు ఇస్తే కొత్త భవనంలో మీకో ఇల్లు వస్తుందని వాళ్ళని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఒప్పించడం నా పని.

ఈ పనికి చదువు అక్కర్లేదు, నోరు కావాలి. నేను పుట్టిందే దుకాణాల మధ్య. డాక్ గేటు దగ్గర మా నాన్నది కిరాణా కొట్టు. దానికి ఎడమ పక్క మా పెదనాన్నది తాళ్ళూ లాంతర్లూ అమ్మే కొట్టు, కుడి పక్క మా మేనమామది టీ దుకాణం. ఓడ దిగిన మనిషి మా ముగ్గురి గుమ్మాలూ దాటేసరికి జేబు తేలికైపోయేది. మా ఇంట్లో పిల్లలకి మాటలకన్నా ముందు బేరం వచ్చేది. అన్నం తినమంటే పెరుగెంత వేస్తావని అడిగేవాణ్ణని మా అమ్మ చనిపోయేదాకా చెబుతూనే ఉంది. ఇప్పటికీ నేను కూరగాయల బజారుకి వస్తే మా ఆవిడ పక్కన నడవదు. రెండు బళ్ళ అవతల, ఎవరో తెలియనట్టు నడుస్తుంది.

నా పద్ధతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. కొత్త భవనం వస్తుందన్న వాసన తగలగానే పాత ఇంట్లో జనం పెరుగుతారు. ఎక్కడెక్కడి చుట్టాలో వచ్చి, మేం పుట్టినప్పటినుంచీ ఇక్కడే ఉన్నామంటారు. ఎవరు ఎవరితో ఉంటున్నారో, ఎవరిది వేరే సంసారమో కాగితాల్లో ఒకలా ఉంటుంది, గదుల్లో ఇంకోలా ఉంటుంది. బెంగాలీ ఇళ్ళలో అన్నదమ్ములు విడిపోతే గోడ కట్టరు, ముందు వంట వేరు చేసుకుంటారు. గోడ ఎప్పుడో తర్వాత. అందుకని నేను మనుషుల్ని లెక్కపెట్టడం మానేసి పొయ్యిల్ని లెక్కపెట్టేవాణ్ణి. గ్యాసు బండే కానివ్వండి, కిరసనాయిలు స్టవ్వే కానివ్వండి, దాని వెనక గోడకి మసీ జిడ్డూ ఉంటాయి. మనిషి చెప్పే అబద్ధం గోడ చెప్పదు. ఒక పొయ్యి, ఒక సంసారం, కొత్త భవనంలో ఒక ఇల్లు. వంట వేళకి వెళ్ళి గుమ్మం గుమ్మం దగ్గరా ముక్కుతో పసిగట్టేవాణ్ణి. మా యజమాని ఈ పద్ధతిని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. నేనూ మురిసిపోయాను, ఆ ఇంటికి వెళ్ళేదాకా.

అది ఓడ కూత వినపడేంత దగ్గరలో ఉన్న మూడంతస్తుల ఇల్లు. మెట్లు అరిగి గరిటెల్లా గుంటలు పడ్డాయి. ఇంటివాళ్ళు ముగ్గురన్నదమ్ములు, మూడు పొయ్యిలు. అద్దెవాళ్ళు నాలుగు కుటుంబాలు, నాలుగు పొయ్యిలు. ఇంటివాళ్ళ తరఫున మాట్లాడేది పెద్దాయన, రిటైరైన లెక్కల మేష్టారు. నా లెక్కని రెండుసార్లు సరిచూసి తలూపాడు. అద్దెవాళ్ళలో ఇద్దరిని మీరు గుర్తుపెట్టుకుంటే చాలు. కింది వరండా గదుల్లో క్రేన్ ఆపరేటరు, శ్రీకాకుళం వైపు క్రైస్తవ కుటుంబం, తాత నాటినుంచీ పోర్టులోనే పని. మొదటి అంతస్తులో బీహారు నుంచి వచ్చిన దర్జీ. ఏడు పొయ్యిలు. నాకు ఎప్పుడూ రానంత చక్కటి లెక్క.

మేడమీద, అంటే పై డాబా మీద, మెట్లు ముగిసే చోట ఒక చిన్న గది ఉంది. చాప, ట్రంకు పెట్టె, మూలన గొడుగు. అందులో ఒక ముసలావిడ ఉండేది. అందరూ మాసీ, అంటే పిన్ని, అనేవారు. అందరి వడియాలూ ఊరగాయ జాడీలూ మేడమీదే ఎండేవి, వాటిని కాకులనుంచి కాపాడేది ఆవిడే. నేను ఆ గదిలోకి తొంగిచూశాను. గోడకి మసి లేదు. గాలి పీల్చాను. కొబ్బరినూనె వాసన తప్ప ఏమీ లేదు. బయటికి తిరిగేసరికి ఆవిడ తెలుగులో అడిగింది.

"ఏటి బాబూ, వాసన సూస్తన్నావు?"

మనవాళ్ళేనని అప్పుడే తెలిసింది. సంతోషపడి నా పద్ధతంతా విడమరిచి చెప్పాను. గొప్పలు చెప్పుకునే అలవాటు మా వంశంలో మగవాళ్ళందరికీ ఉంది.

"పొయ్యి నేనోళ్ళకి?" అంది.

"పొయ్యి లేని మనిషి ఎవరో ఒకరి పొయ్యి దగ్గర తింటుంది కదా పెద్దమ్మా. ఆ లెక్కలోకే వచ్చేస్తుంది."

"ఓహో" అంది ఆవిడ. అంతే. నేను మెట్లు దిగిపోయాను.

ఆ తర్వాత నెలల తరబడి బేరాలు. దర్జీకి కుట్టుమిషను దగ్గర పొద్దుటి వెలుతురు పడాలి. క్రేన్ ఆపరేటరు భార్యకి ఆదివారం ప్రార్థనకి పదిమంది కూర్చునే ముందుగది కావాలి. మేష్టారి పెద్ద తమ్ముడికి చిన్న తమ్ముడి కన్నా పై అంతస్తు కావాలి, చిన్న తమ్ముడికీ అదే కావాలి. ఒకరికి కిటికీ ఇచ్చి ఒకరి దగ్గర బాల్కనీ లాగి, ఒకరికి అంతస్తు చూపించి ఇంకొకరికి లిఫ్టు చూపించి, మొత్తానికి ఏడుగుర్నీ కొత్త భవనం నక్షాలో ఇమిడ్చాను. సంచిలో చింతపండు కూరినట్టు కూరాను. ఇంకో గింజ పట్టే సందు లేదు.

మా కంపెనీకి ఒక వకీలమ్మ ఉండేది. ఆలీపూర్ కోర్టులో జుట్టు నెరిసిన మనిషి. నేను ఉకీల్ దీదీ అనేవాణ్ణి. పత్రాలు తయారుచేసే ముందు ఆవిడ నన్ను అడిగింది, మేడమీద ఎవరూ లేరు కదా అని. ఎవరూ లేరు దీదీ, ఒక ముసలావిడ ఉంటుంది అన్నాను. ఆవిడ రాసుకుంది. ఆ జవాబులో తేడా ఆవిడకీ కనపడలేదు, నాకూ కనపడలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు మాత్రం ఇద్దరం సీరియస్‌గానే ఉన్నాం.

సంతకాల రోజు చలికాలం పొద్దున్న. అందరూ పట్టే చోటు మేడ ఒక్కటే కాబట్టి అక్కడే ప్లాస్టిక్ కుర్చీలు వేయించాను. ఏడు కుటుంబాలూ వచ్చాయి. మగవాళ్ళు కుర్చీల్లో, ఆడవాళ్ళు గోడవార ఎండలో. మా యజమాని సాల్ట్ లేక్ ఆఫీసునుంచి మిఠాయి డబ్బాలతో వచ్చాడు. ఇంటికి మూడు తరాల్లో ఇంత మంచి రోజు రాలేదని మేష్టారు చిన్న ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆ ఉపన్యాసం మధ్యలో పొగ వచ్చింది.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత దర్జీ దగ్గాడు. తర్వాత వకీలమ్మ కాగితాలతో విసురుకుంది. చూద్దును కదా, మాసీ తన గది గుమ్మంలో కూర్చుని ఉంది. ముందు కుంపటి. పాత ఇనప బకెట్‌కి మట్టి మెత్తి చేసింది. ఇస్త్రీవాడి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గులు. విసనకర్రతో నిదానంగా విసురుతోంది, మాకు పొగ వస్తోందన్న సంగతి తెలియనట్టు. బొగ్గు రాజుకున్నాక గిన్నె పెట్టి, నీళ్ళు పోసి, బియ్యం వేసి, నావైపు చూసింది.

"బాబూ, పొయ్యి ఎలిగింది. లెక్కెట్టుకో."

తెలుగు తెలిసింది క్రేన్ ఆపరేటరు ఇంటివాళ్ళకీ నాకూ మాత్రమే. వాళ్ళు తలలు దించుకున్నారు. ఏమంటోందని మా యజమాని అడిగాడు. చెప్పాను. ఆయన హాయిగా నవ్వాడు. మిఠాయి ముక్క నోట్లో వేసుకుంటూ మేష్టారిని అడిగాడు, ఈవిడ మీతోనే వస్తుంది కదా దాదా అని. ఇల్లు లేచేదాకా అందరూ వేరే చోట్ల అద్దెకి ఉండాలి, అందుకని అడిగాడు.

మేష్టారు నిజంగానే ఆశ్చర్యపోయాడు. మాతో ఎందుకు వస్తుంది, ఆవిడ తెలుగు మనిషి, క్రేన్ వాళ్ళ అమ్మతో పాటు వచ్చింది అన్నాడు. క్రేన్ ఆపరేటరు నోరు తెరిచాడు. మా అమ్మ కాపరానికి వచ్చేసరికే మాసీ ఈ ఇంట్లో ఉంది, ఇంటివాళ్ళు పూజల వంటకి పెట్టుకున్న మనిషని అమ్మ చెప్పేది అన్నాడు. దర్జీ చేతులు పైకెత్తాడు. నేను అందరికన్నా ఆఖర్న వచ్చినవాణ్ణి, నన్ను అడగొద్దన్నాడు. మేష్టారి తమ్ముళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఇదొక్కటే, మాసీ తమ మనిషి కాదని.

ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అదే నన్ను కంగారు పెట్టింది. అబద్ధమైతే నాకు అలవాటే, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. ప్రతి ఇంటివాళ్ళూ ఆవిడ పక్కింటి మనిషని ఇన్నేళ్ళూ నిజంగా నమ్మారు. ఒక పూట ఒకళ్ళింట్లో, ఇంకో పూట ఇంకొకళ్ళింట్లో తినేది. ఏ ఇంట్లో తింటే ఆ ఇంటివాళ్ళు, పాపం చుట్టపుచూపుగా వచ్చింది అనుకున్నారు.

మా యజమాని చిన్న చిక్కే కదా అన్నట్టు నాకు సైగ చేశాడు. కొత్త నక్షాలో కింద మెట్ల పక్కన కాపలా మనిషికి ఒక గది ఉంది. దాన్ని ఈవిడకి ఇచ్చేద్దాం, గేటు చూసుకుంటుంది అన్నాడు. నేను తెలుగులో చెప్పాను. మంచి బేరమే అనుకున్నాను.

ఆవిడ అన్నం కలియబెడుతూ అడిగింది. "కాపలా సెయ్యలేకపోతే ఎల్లిపొమ్మంటారా?"

వకీలమ్మని అడిగాను. ఉద్యోగం ఉన్నంతకాలమే గది, పని మానితే ఖాళీ చెయ్యాలి, చట్టం అలాగే ఉంటుందంది.

"అయితే నాకొద్దు" అంది మాసీ. "ఇన్నాళ్ళూ ఒవులూ నన్ను పన్లో ఎట్టుకోనేదు. ఇప్పుడెట్టుకుని రేపు తీసీడానికా?"

అప్పుడు వకీలమ్మ కుర్చీని కుంపటి దగ్గరికి లాక్కుంది. అసలు మిమ్మల్ని ఈ ఇంట్లో ఉండమన్నది ఎవరని అడిగించింది. మాసీ చెప్పింది నేను నాకు చేతనైనట్టు బెంగాలీలోకి మార్చాను. భర్త ఓడ మీద పనివాడు. కింది గదిలో ఇంకో రెండు జంటలతో కలిసి ఉండేవారు. మనిషి ఓడెక్కి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆ గది వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఈవిడ ట్రంకు పెట్టె పట్టుకుని మెట్లెక్కి, బొగ్గులు పోసుకునే ఈ గదిలో బొగ్గులు పక్కకి నెట్టి పడుకుంది. తెల్లారింది. తర్వాత బోలెడుసార్లు తెల్లారింది.

"ఎవరి అనుమతితో?" అని వకీలమ్మ మళ్ళీ అడిగించింది.

"ఒవులూ ఉండమన్నేదు" అంది మాసీ. "ఒవులూ ఎల్లమన్నేదు."

ఇది విని వకీలమ్మ కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. కోర్టులో ఆవిడ అలా చేస్తే ఎదుటి వకీలు భయపడేవాడని విన్నాను. ఆ రోజు మాత్రం ఆవిడే చిక్కులో పడిందని నాకు అనిపించింది. ఇక్కణ్ణుంచి జరిగింది నేను చెప్పగలిగినంత చెబుతాను. మీకు అర్థం కాకపోతే తప్పు మీది కాదు, నాకూ పూర్తిగా కాలేదు.

వకీలమ్మ చెప్పిన మొదటి మాట ఇది. ఎవరైనా అనుమతిస్తే ఒక మనిషి ఆ ఇంట్లో ఎన్నేళ్ళున్నా హక్కు రాదు. అనుమతించినవాళ్ళు వెళ్ళమంటే వెళ్ళాలి. అందుకని, అనుమతించింది ఎవరో తేల్చండి. అందరూ మేం కాదంటే మేం కాదన్నారు. ఒప్పుకుంటే ఆవిడ్ని తమతో తీసుకెళ్ళాల్సి వస్తుందని వాళ్ళ భయం.

రెండో మాట చెప్పింది. ఎవరూ అనుమతించకుండా, దాపరికం లేకుండా, తన ఇల్లే అన్నట్టు పన్నెండేళ్ళకి మించి ఉంటే సంగతి వేరు. అప్పుడు ఇంటివాళ్ళు వెళ్ళమనే హక్కు పోగొట్టుకోవచ్చు. ఈవిడ కోర్టుకి వెళ్తే గెలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు. కానీ అది తేలేదాకా ఈ మేడమీద ఒక్క ఇటుక కదలకపోవచ్చు.

మా యజమాని చేతిలో మిఠాయి అక్కడే ఆగిపోయింది.

వెంటనే మేష్టారికి జ్ఞాపకం వచ్చేసింది. వాళ్ళ నాన్నగారే ఎంతో దయతో మాసీని ఉండమన్నారట. క్రేన్ ఆపరేటరుకీ జ్ఞాపకం వచ్చింది, వాళ్ళమ్మ కూడా ఉండమందట. ఆఖర్న వచ్చానన్న దర్జీ కూడా తన వంతు అనుమతి తనూ ఇచ్చానన్నాడు. ఒక్క నిమిషంలో ఆ మేడ నిండా అనుమతులే.

మంచిది, అయితే రాసుకుంటాను అంది వకీలమ్మ. ఏ కుటుంబం అనుమతితో ఉందో ఆవిడ ఆ కుటుంబపు మనిషి అవుతుంది. ఆ కుటుంబం ఖాళీ చేసేటప్పుడు ఆవిడ్ని కూడా వెంటబెట్టుకుని ఖాళీ చెయ్యాలి, కొత్త ఇంట్లో ఆవిడకి చోటు చూపించాలి, ఈ పత్రంలో ఆ షరతు ముందునుంచీ ఉంది. ఎవరి పేరు రాయమంటారు?

మేష్టారు తమ్ముళ్ళ వైపు చూశాడు, తమ్ముళ్ళు క్రేన్ ఆపరేటరు వైపు, అతను దర్జీ వైపు. కుంపటి మీద అన్నం కుతకుతలాడుతోంది.

తర్వాత అందరూ నన్ను మెచ్చుకున్నారు, రెండు పాడు సరుకులు ముందు పెట్టి మూడో సరుకు అమ్మే మా నాన్న ఎత్తు నేను అక్కడ వేశానని. మా యజమాని ఇప్పటికీ అలాగే చెబుతాడు, నేను కాదనను. మీకు చెబితే ఏం, ఎత్తూ లేదు పాడూ లేదు. నాకు నిజంగా అర్థం కాక అడిగాను.

"దీదీ, నాకు ఒకసారి తేలిగ్గా చెప్పండి. దయతో ఉండనిస్తే ఆవిడకి హక్కు లేదు. పొమ్మని గెంటినా పోకుండా ఉంటే హక్కు ఉంది. అంతేనా?"

"కొంచెం అటూ ఇటూగా అంతే" అంది.

"ఉండమనీ అనక, పొమ్మనీ అనక, రోజూ అన్నం పెడితే?"

వకీలమ్మ కలానికి మూత పెట్టింది. అది నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు అంది.

నేను ఆ ప్రశ్నే హిందీలో దర్జీకీ తెలుగులో క్రేన్ వాళ్ళకీ మళ్ళీ చెప్పాను. చెబితే నాకైనా అర్థమవుతుందేమోనని. నాకు అర్థం కాలేదు కానీ, గోడవారనున్న ఆడవాళ్ళకి అయినట్టుంది. అంతవరకూ మాట్లాడినవాళ్ళంతా మగవాళ్ళే. నా లెక్కలో పొయ్యిలన్నీ ఆడవాళ్ళవి, ఒప్పందాలన్నీ మగవాళ్ళతో. ఇదీ నా ఉద్యోగం నడిచిన తీరు.

నేను అప్పటికీ నా లెక్క వదల్లేదు. "పెద్దమ్మా, ఇవాళ వెలిగించిన పొయ్యి లెక్కలోకి రాదు. లెక్క ఎప్పుడో అయిపోయింది. ఇల్లంతా వెతికాను, మీ పొయ్యి ఎక్కడా లేదు" అన్నాను. దుకాణం మూసేశాక వచ్చిన మనిషితో మాట్లాడినట్టు, మర్యాదగానే.

ఆవిడ గిన్నె దించి, అన్నం వార్చడానికి మూత పట్టుకుని, నావైపు చూడకుండా అంది.

"ఈ ఇంట్ల ఏ పొయ్యి మీద నాను ఒండనేదో సెప్పు. అది నాది కాదని ఒప్పుకుంతాను."

ఇది ఎవరికీ తర్జుమా చెయ్యలేదు నేను. క్రేన్ ఆపరేటరు భార్య చేసింది. లేచి నిలబడి బెంగాలీలో చెప్పింది. చెప్పి, ఊరుకోకుండా, మా అత్తకి పక్షవాతం వచ్చి నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మా పొయ్యి వెలిగించింది ఎవరని మొగుణ్ణి నిలదీసింది. మేష్టారి భార్య, తన రెండు పురుళ్ళకీ వంట ఎవరు చేశారో ఈయనకి తెలుసా అని గాల్లోకి అడిగింది. పెళ్ళి బట్టల రోజుల్లో దర్జీ ఇంట్లో ఆలూమగలిద్దరూ మిషన్ల మీదుంటే రొట్టెలు కాల్చేది మాసీయేనట. మేష్టారి తమ్ముళ్ళ భార్యలకి మాటల్లేవని ఊరంతా తెలుసు. ఒకరింటి పప్పు రుచి ఇంకొకరింటికి ఎలా వెళ్ళేదో ఆ రోజు తెలిసింది. నా ముక్కు ఆ ఇంట్లో గుమ్మం గుమ్మం దగ్గరా పసిగట్టిన వంటల్లో సగం ఈవిడవే. గోడకి మసి వెతికినవాణ్ణి, చేతికి మసి చూడలేదు.

మేష్టారు మెల్లగా కూర్చున్నాడు. మా యజమాని నన్ను పక్కకి పిలిచి, ఏదో ఒకటి తేల్చు, ఎండ ఎక్కుతోంది అన్నాడు.

తేల్చడమంటే బేరం. బేరమైతే నాకు అర్థమవుతుంది. కాపలా గదిలోంచి కాపలా తీసెయ్యమన్నాను. మరి కాపలావాడు ఎక్కడ కూర్చుంటాడన్నాడు. కుర్చీలో అన్నాను. ఆ గదిని ఏ హక్కు కింద ఇస్తామని ఆయన అడిగితే, అందరం కలిసి ఇచ్చినట్టు రాయండి అన్నాను వకీలమ్మతో. బతికినంతకాలం గది మాసీది. పొమ్మనాలంటే ఏ ఒక్కరి వల్లా కాకూడదు, ఏడు కుటుంబాలూ ఒకేసారి, ఒకే మాట మీద పొమ్మనాలి. ఈ ముక్కకి మేష్టారి చిన్న తమ్ముడు మొదటిసారి నవ్వాడు. ఆ ఇంట్లో ఏడుగురూ ఒక్క మాట మీదికి రావడం ఎంత సులువో అతనికి తెలుసు.

వకీలమ్మ రాసింది. అది అనుమతో హక్కో దానమో మాత్రం ఆవిడ నాకు చెప్పలేదు. రెండుసార్లు అడిగాను. సంతకాలు కానివ్వు అంది.

మాసీకి చదివి వినిపించాను. తలూపి, ఒక్కటి తక్కువైంది అంది. కొత్త మేడమీది తలుపు తాళం చెవి తన దగ్గర ఉండాలట. మేడ అందరిదీ కదా పెద్దమ్మా అన్నాను. అందరిదీ కాబట్టే ఒకరి దగ్గర ఉండాలి, లేకపోతే వడియాలు కాకుల పాలవుతాయంది. ఇచ్చేశాం. నా జీవితంలో పత్రం చదివాక బేరం పెంచినవాళ్ళని నలుగుర్ని చూసి ఉంటాను. మిగిలిన ముగ్గురూ వ్యాపారస్తులు.

అందరూ లేస్తుండగా నాకు ఇంకో సంగతి తట్టింది. భవనం లేచేదాకా ఆవిడ ఎక్కడ ఉంటుంది? అడక్కుండా ఉంటే సరిపోయేది. అడిగేశాను.

"మీ ఇంట్లో ఉంతాను" అంది మాసీ. "నువ్వే కదా బాబూ, పొయ్యి నేనోళ్ళు ఏదో పొయ్యి లెక్కలోకి వొస్తారన్నావు."

అలా మాసీ మా ఇంటికి వచ్చింది, ట్రంకు పెట్టె, గొడుగు, కుంపటితో సహా. మా ఆవిడ నన్ను, దుకాణానికి వెళ్ళి నష్టానికి సరుకు తెచ్చినవాణ్ణి చూసినట్టు చూసి, లోపలికి వెళ్ళి ఇంకో చాప తెచ్చింది. వారం తిరిగేసరికి వాళ్ళిద్దరూ ఒకటయ్యారు. నేను బజారునుంచి వస్తే వంకాయలు సంచిలోంచి తీసి ఎంతకి తెచ్చానో అడిగి, ఇద్దరూ కలిసి నవ్వేవారు.

ఒక రోజు భోజనాల దగ్గర మాసీ అడిగింది, ఈ ఇల్లు ఒవులిదని. రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని నేనే ఫ్లాటు మా ఆవిడ పేరు మీద రాయించాను. ఆ తెలివికి అప్పట్లో చాలా గర్వపడ్డాను. అదే చెప్పాను.

"పొయ్యి?"

"అదీ ఆవిడదే."

"మరి నువ్వు ఏ లెక్కన ఉన్నావు బాబూ?"

మా ఆవిడ అన్నం వడ్డిస్తున్న గరిటె ఆపి నావైపు చూసింది, జవాబు తనకీ కావాలన్నట్టు. నేను మజ్జిగ పోసుకున్నాను.

భవనం లేచింది. మాసీ తన గదికి వెళ్ళిపోయింది. అక్కడ కుంపటి గుమ్మం పక్కన బోర్లించి ఉంటుంది, దాని మీద ఆవిడ కూర్చుంటుంది. వంట మాత్రం ఇప్పటికీ పై అంతస్తుల్లోనే, ఏ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోతే ఆ ఇంట్లో. ఆవిడ అక్కడ ఉంటున్నది ఏ హక్కుతోనని ఈమధ్య ఒక కుర్ర వకీలు నన్ను అడిగాడు. పత్రం చూపించాను. తిరగేసి చూసి, ఇది బాగానే ఉంది కానీ ఏమిటో తెలియడం లేదన్నాడు. నాకూ అంతే అన్నాను.

నేను రిటైరయ్యాను. మా ఇంట్లో పొద్దుటి టీ ఇప్పుడు నేనే పెడతాను. మొదటి రోజు వంటింట్లో అలికిడి విని మా ఆవిడ ఏమైందని లేచి వచ్చింది. ఏం లేదు పడుకో, టీ పెడుతున్నానన్నాను. ఆవిడ గుమ్మంలో నిలబడి పొయ్యి వైపు, నావైపు చూసి, మసి తుడవడం కూడా నీ పనే అని చెప్పి వెళ్ళి పడుకుంది. తుడుస్తాను కానీ, పొయ్యి వెనక గోడ మీద కొంచెం వదిలేస్తాను.